సంగటి తిన్న ఎముకలకు మాత్రలు ఎందుకు?

గుత్తికోట: మా అమ్మకు 62 ఏళ్లు. గచ్చు మీద జారి మణికట్టు విరిగింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.8 వచ్చిందని, ఏళ్ల తరబడి మాత్రలు వాడాలని అన్నారు. బుద్ధెరిగినప్పటి నుంచి రాగి సంగటి తిన్న మనిషి! వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అన్నే పాలలో 120. పైగా అనంతపురం ఎండ. ఈ మాత్రలు ఎవరి లాభానికి?

హంద్రీతీరం: 350 అన్నది పొడి పిండి లెక్క. ముద్దలో నీళ్లున్నాయి, బియ్యం ఉంది. రాగుల్లోని ఫైటేట్లు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆ వయసులో రోజుకు 1,000 నుంచి 1,200 కావాలి. టి-స్కోరు మైనస్ 2.5కు దిగితే ఎముకలు గుల్లబారినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత.

గుత్తికోట: సంగటిని చిన్నచూపు చూడటం అందరికీ అలవాటైంది. మా అవ్వ ఎనభై ఏళ్లకూ కళ్లంలో చేట పట్టింది. ఏ మాత్ర మింగింది?

పెన్నఒడ్డు: ముందు స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. ఈసారి పడితే తుంటి విరుగుతుంది.

కదిరి కోడలు: రాగుల లెక్క సరే, అమ్మ కంచంలో ఎంత పడింది? మా అత్తవారింట్లో మగవాళ్లు తిని లేచాక, చట్టి అడుగున గీకినదే ఆడవాళ్లకు. పెరుగు పిల్లలకు, నీళ్ల మజ్జిగ మాకు. పొద్దంతా వంటింట్లో ఉన్న మనిషికి ఊళ్లో ఎండ ఎంత కాస్తే ఏం లాభం?

గుత్తికోట: మా ఇంట్లో ఆడవాళ్లను పస్తులుంచామంటారా? మాట జాగ్రత్త. నాకు డాక్టర్ల మీద నమ్మకం ఎందుకు పోయిందో వినండి. అమ్మకు 36 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని వెళ్తే, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి గర్భసంచి తీసేశారు. వేరుసెనగ పండే ఎకరం అమ్మి డబ్బు కట్టాం. ఇప్పుడు ఎముకలు గుల్లబారాయంటే నమ్మాలా?

కదిరి కోడలు: అన్నా, అండాశయాలు కూడా తీశారా? తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకను కాపాడే హార్మోన్ అది. యాభై దగ్గర మొదలవ్వాల్సిన నష్టం అప్పుడే మొదలవుతుంది. మా అక్కకు ఇలాగే తీశారు, 48 ఏళ్లకే వెన్నుపూస నలిగింది. మీ కోపం న్యాయమైనదే. కానీ ఆనాటి అన్యాయానికి ఇప్పుడు మందు మాన్పిస్తే నష్టపోయేది మళ్లీ అమ్మే.

సీమబిడ్డ: ఏళ్లుగా బోరు నీళ్లే తాగి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే, అది ఎక్కువైన ఎముక పరీక్షలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది.

హంద్రీతీరం: రాసింది వారానికొక మాత్రా? అలెండ్రోనేట్ అనే ఎముకల మందు అయితే పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, అరగంట నడుం వాల్చకూడదు. కాల్షియం మాత్ర అప్పుడే వేయకూడదు.

గుత్తికోట: ఆపరేషన్ కాగితాలు చెల్లెలి ఇంట్లో ఉన్నాయి. అండాశయాల సంగతి చూసి రాస్తాను. సంగటి మాత్రం మాన్పించను.

కదిరి కోడలు: మాన్పించమని ఎవరూ అనలేదు. ఆ కాగితాలు డెక్సా చీటీతో పాటు డాక్టరుకు చూపించండి.