సినిమా ‘ఆడింది’ అంటే ఎవరు ఆడినట్టు?

ఒక పదం మీద వచ్చిన తగువు తీర్చాలి. మేము హనుమకొండలో ఆరుగురం, చదువుకునే రోజుల నుంచి కలిసి సినిమాలు చూస్తున్నాం. ఇప్పుడు తలా ఒక ఉద్యోగం, తలా ఒక నడుము నొప్పి వచ్చినా ఆదివారం మొదటి ఆట మాత్రం మానలేదు. నిజం చెప్పాలంటే సినిమా కన్నా ఆ తరువాత టీ కొట్టు దగ్గర జరిగే వాదనే మాకు ముఖ్యం.

మొన్న చూసిన సినిమా పేరు చెప్పను, చెబితే చర్చ అటు పోతుంది. బయటికి రాగానే మాలో ఒకడు "ఇది ఆడదు" అన్నాడు. మా జట్టులో లెక్కల మాస్టారు ఒకరున్నారు. "ఆడదేమిటి? ఇప్పుడే రెండున్నర గంటలు ఆడింది, మనం చూశాం కదా" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "రోజుకు నాలుగు ఆటలు ఆడుతున్నదాన్ని ఆడదు అనడం తప్పు తెలుగు. జనం రారు అను, డబ్బులు రావు అను" అని పట్టుబట్టారు. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్లింది. ఆ థియేటర్‌లో సినిమా పదిహేను రోజులు ఆడితే మొదటివాడు నెల రోజులు అందరికీ టీ ఇప్పించాలి. ఆడకపోతే మాస్టారు ఇప్పించాలి.

నేను అడిగేది పందెం సంగతి కాదు. ‘ఆడు’ అనే క్రియ సినిమాకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లీషు వాళ్లను చూసి మనం తెచ్చుకున్నదా, ముందే మన దగ్గర ఉన్నదా? సినిమాకు మనం వాడే క్రియలన్నీ వింతే. ఒకరు తీస్తారు, ఇంకొకరు వేస్తారు. పేర్లు పడతాయి, బొమ్మ పడుతుంది. పడిన బొమ్మే లేచి ఆడుతుంది, ఆడకపోతే ఎత్తేస్తారు. ఇక మార్నింగ్ షో, మ్యాట్నీ అయిపోయాక సాయంత్రం వేసేదాన్ని మొదటి ఆట అంటాం. మూడోది మొదటిది ఎలా అయిందని అడిగితే మాస్టారి దగ్గరా జవాబు లేదు.

జనగామ నుంచి

తెచ్చుకున్నది కాదు అన్నా. మా వైపు చిందు భాగోతం ‘ఆడతారు’. అందులో పాట ఉంది, మాట ఉంది, వేషం ఉంది, అయినా పాడారు, చెప్పారు అనం. క్రియ ఒక్కటే, ఆడటం. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారిది మా జిల్లానే. ఆయన వేషం కట్టిన రాత్రి గురించి ఎవరిని కదిపినా "ఆట ఎంత బాగుందో" అంటారు తప్ప ‘ప్రదర్శన’ అనే మాట ఎవరి నోటా రాదు. రాత్రిపూట ఊరంతా చేరి చూసేది ఏదైనా మనకు ఆటే. సినిమా వచ్చి ఆ చోటులోనే కూర్చుంది, ఆ పేరే పెట్టించుకుంది.

ఒక తేడా మాత్రం చూడండి. మాకు దగ్గరలోనే చేర్యాల ఉంది. అక్కడి చిత్రకారులు నకాషీలు పొడవాటి గుడ్డ మీద గళ్లు గళ్లుగా బొమ్మలు వేస్తారు, దాన్నే పటం అంటాం. కథ చెప్పేవాళ్లు చుట్ట విప్పుకుంటూ ఒక్కో బొమ్మా చూపిస్తారు. సినిమా రీలుకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఇంకొకటి లేదు. అయినా పటం ‘ఆడింది’ అని నేను ఎక్కడా వినలేదు. పటం కథ ‘చెప్పారు’ అనే అంటారు. బొమ్మ ఉంది, కథ ఉంది, చుట్టూ జనం ఉన్నారు. బొమ్మ కదలదు కాబట్టి ఆ మాట రాలేదు.

హనుమకొండ నుంచి, తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఒక అమ్మ

పటం ఉదాహరణ బాగుంది బాబూ. దానికి జోడుగా మీ జనగామ జిల్లా కవే ఉన్నాడు. పాల్కురికి సోమనాథుడు, 13వ శతాబ్దం. ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం చేసే ఆటపాటలన్నీ వరుస పెట్టి చెబుతాడు. అందులో ఈ ద్విపద:

భారతాది కథల జీరమఱుగుల
నారంగ బొమ్మల నాడించువారు

భారతం వంటి కథలను చీర మరుగున బొమ్మలతో చక్కగా ఆడించేవాళ్లు అని. చీర అనగానే కట్టుకునే చీర అనుకోకండి, పాత తెలుగులో చీర అంటే గుడ్డ. ఆ చీరే మన తెర. తెర ఉంది, వెనక వెలుగు ఉంటుంది, ఆ వెలుగుకూ తెరకూ మధ్య బొమ్మ ఆడుతుంది, ఎదురుగా జనం. ఇంత సరంజామా మనకు ఏడు వందల ఏళ్ల కిందటే ఉంటే, క్రియను ఇంగ్లీషు వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోవలసిన అగత్యం ఏముంది? కుర్రవాళ్లు ఇప్పటికీ సినిమాను ‘బొమ్మ’ అంటుంటే మొరటు మాట అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. నాకు అది సోమనాథుడి మాటలాగే వినిపిస్తుంది.

అయితే మీ మాస్టారు, ఆయన మిత్రుడు ఇద్దరూ గమనించనిది ఒకటి ఆ ద్విపదలో ఉంది. కవి ‘ఆడు’ అనలేదు, ‘ఆడించు’ అన్నాడు. బొమ్మ తనంతట తాను ఆడదు. దాని మీద ఇంకొక చెయ్యి ఉంటుంది.

పెద్దపల్లి నుంచి

మా ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆడింది’ అనేవారు కాదు, ‘నడిచింది’ అనేవారు. "టాకీసులో ఆ సినిమా ఇంకా నడుస్తోందా?" అని అడిగేవారు. ఉర్దూలో చదువుకున్న తరం. దుకాణం నడిచినట్టు, కేసు నడిచినట్టు, సినిమా నడవడం. ఉర్దూ ‘చల్‌నా’ నీడ అందులో ఉందని నా నమ్మకం. చిన్నప్పుడు నాకు రెండూ ఒకటే. ఇప్పుడు ఆలోచిస్తే కాదనిపిస్తోంది. ‘నడుస్తోంది’ అంటే ఏదో ఈడ్చుకొస్తోంది, ఇంకా ఆగలేదు అని. ‘ఆడింది’ అంటే మాత్రం బాగా ఆడిందనే. ‘బాగా’ అనే మాటే అవసరం లేదు.

కరీంనగర్ నుంచి

అదే అసలు చిక్కు. ‘బాగా’ లేకుండానే బాగా అనే అర్థం ఎలా వచ్చింది? మాస్టారిది న్యాయమైన ప్రశ్నే, ఆయనను ఎగతాళి చేయకండి.

నాకు తోచింది చెబుతాను. మనం ఆటను పక్కన పెట్టి మిగతా ‘ఆడు’లను చూడాలి. ఊపిరి ఆడటం లేదు. గదిలో గాలి ఆడటం లేదు. కంగారులో కాలూ చెయ్యీ ఆడలేదు. చేతిలో డబ్బు ఆడటం లేదు. వీటిలో ఆట ఎక్కడుంది? అడ్డు లేకుండా అటూ ఇటూ కదలడమే ఉంది. గాలి ఆడని గదిలో గాలి అసలు లేదని కాదు, ఉన్నది కదలడం లేదని. సినిమా ఆడలేదు అంటే కూడా అంతే. థియేటర్‌లో ఉంది, తెర మీద పడుతోంది, అయినా జనంలో కదలిక లేదు. అందువల్ల "చూశాం కదా, ఆడింది" అనే మాస్టారి తర్కం, ముక్కు ఉంది కాబట్టి ఊపిరి ఆడుతోంది అనడం లాంటిది.

కోస్తా వైపు మిత్రులు పిండి మరలో ‘ఆడించుకుని’ వస్తారు. మనం గిర్నీలో ‘పట్టిస్తాం’. వాళ్ల మాటలో తిరిగే మర కనబడుతుంది, మన మాటలో మర ముందు నిలబడి డబ్బా పట్టుకున్న మనిషి కనబడతాడు. (ఇది చర్చకు అవసరం లేదు, ఊరికే చెప్పాను.)

మరొకటి. ‘మాట్లాడు’లో ఉన్నదీ ఇదే ‘ఆడు’. పోట్లాడు, కొట్లాడు, పోరాడు కూడా. మీ టీ కొట్టు దగ్గర ఆదివారం జరిగేవన్నీ ఇందులో వచ్చేశాయి.

హనుమకొండ నుంచి, ప్రశ్న అడిగినవాడు

అమ్మా, మీరు ‘ఆడించు’ అనగానే నా తల తిరిగింది. మా జట్టులో పాతికేళ్ల నుంచి తెగని వాదన ఒకటుంది. వంద రోజుల పోస్టరు, 175 రోజుల పోస్టరు గోడల మీద కనిపించే కాలంలో మాలో ఇద్దరు ఇద్దరు హీరోలకు వీరాభిమానులు. ఒకడు "మావాడి సినిమా వంద రోజులు ఆడింది" అనేవాడు. రెండోవాడు ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు: "ఆడలేదు, ఆడించారు." అంతే, ఆ ఒక్క ‘ఇంచు’కు స్నేహం వారం రోజులు బంద్. ఖాళీ కుర్చీల ముందు రోజుకు ఒక ఆట చొప్పున లాగి వంద పూర్తి చేశారని దాని అర్థం. తిట్టు లేదు, బూతు లేదు. వ్యాకరణంలో ప్రేరణార్థకం అని చదువుకున్నది ఇంత గట్టిగా గుచ్చుకుంటుందని బడిలో ఎవరూ చెప్పలేదు.

ఓడిన పక్షం మాటలు కూడా ఎప్పుడూ ఒకలాగే ఉండేవి. సినిమా పరీక్షల సమయంలో వచ్చింది, వానలు పడ్డాయి, సమీక్షలు చంపేశాయి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మాకు చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ దానిలోని ‘ఆడలేక’ను సినిమాకు కలిపి ఇప్పుడే చూస్తున్నాను.

మంచిర్యాల నుంచి

నాదొక సందేహం. ఫోనులో సినిమా ‘ఆడుతుందా’? టీవీలో సినిమా ‘వస్తోంది’ అంటాం. ఓటీటీలో ‘ఉంది’ అంటాం, ‘వచ్చింది’ అంటాం. "ఓటీటీలో బాగా ఆడింది" అని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు. థియేటర్‌లో ఆడని సినిమాను తరువాత లక్షల మంది ఫోనులో చూసి మెచ్చుకున్నా, "అప్పట్లో ఆడలేదు కానీ మంచి సినిమా" అనే అంటున్నాం. ఎంతమంది చూశారన్నది లెక్కలోకి రావడం లేదు. ఒకచోట కలిసి చూశారా లేదా అన్నదే లెక్క. క్రియ థియేటర్ గుమ్మం దాటి బయటికి రాలేదు.

జనగామ నుంచి

అక్కా, అలా అయితే ఆడేది బొమ్మా, జనమా?

హనుమకొండ నుంచి, తెలుగు పాఠాల అమ్మ

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ‘క్రీడాభిరామం’ కావ్యం తెరవండి. వినుకొండ వల్లభరాయుడిదని కొందరు, శ్రీనాథుడిదని కొందరు అంటారు, ఆ తగువు మనకు వద్దు. గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించిన ప్రతిదాని మీదా తమ అభిప్రాయం చెబుతుంటారు. మీ ఆరుగురికి పెద్దన్నలు వాళ్లే, పైగా మీ ఊళ్లోనే తిరిగారు. ఒకచోట ఒక స్త్రీ వాద్యం ధుంధుమ్మని మోగిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంటుంది. ఆ మత్తేభ పద్యం చివర ఇలా ఉంటుంది:

...ప్రత్యక్షరముం గుమారకులు ఫీట్కారంబునం దూలగన్

ఒక్కో అక్షరానికీ కుర్రవాళ్లు ఫీట్కారాలతో తూలిపోతున్నారట. హుంకారం, సీత్కారం, ఛీత్కారం లాగే ఇదీ నోటి శబ్దానికి ‘కారం’ చేర్చి చేసిన మాట. కేక అనండి, ఈల అనండి, నేను మాత్రం ఈల వైపే మొగ్గుతాను. అక్షరం అక్షరానికీ ఈల పడటం మొదటి రోజు మొదటి ఆటకు కాక ఇంకెక్కడ చూశాం? పాడుతున్నది ఆమె, తూలుతున్నది కుర్రవాళ్లు. కవి కన్ను ఆ ఇద్దరినీ ఒకే పాదంలో కట్టింది. వేదిక మీద ఎంత కదిలినా కింద తూగు లేకపోతే అది ఆడినట్టు కాదు. కరీంనగర్ బాబు చెప్పిన గాలి మాట నాకు అందుకే నచ్చింది.

కరీంనగర్ నుంచి

మొదటిసారి ఒక తెలుగు టీచరు నన్ను మెచ్చుకున్నారు. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటాను.

హనుమకొండ నుంచి, ప్రశ్న అడిగినవాడు

ఈ చర్చంతా మాస్టారికి చదివి వినిపించాను. ముక్కు, ఊపిరి పోలిక దగ్గర కాస్త మెత్తబడ్డారు. "భాషలో నేను ఓడిపోయాను, పందెంలో కాదు" అన్నారు. విషయం ఏమిటంటే, సినిమా నిన్నటితో పదిహేను రోజులు పూర్తి చేసుకుంది. రెండో వారంలో నాలుగు ఆటలు రెండయ్యాయి, చివరికి ఒక్క మ్యాట్నీ మిగిలింది. తరువాత రావలసిన సినిమా వాయిదా పడటంతో థియేటర్ వాళ్లు దీన్ని ఎత్తేయలేదు. ఆఖరి రోజు మ్యాట్నీకి మాస్టారు సాక్ష్యం కోసం ఒక్కరే వెళ్లి టికెట్టు ముక్క భద్రంగా తెచ్చారు. లోపల తనతో కలిపి పదకొండు మంది ఉన్నారని ఆయనే లెక్కపెట్టి చెప్పారు, చెప్పాక నాలుక కరుచుకున్నారు.

టీ డబ్బులు ఇవ్వమంటే మావాడు ఇవ్వడం లేదు. అమ్మ పెట్టిన ద్విపదను ఫోనులో చూపిస్తూ, "పందెంలో ఉన్నది ఆడితే అని, ఆడిస్తే అని కాదు" అంటున్నాడు. ప్రస్తుతానికి ఎవరి టీకి వాళ్లే ఇచ్చుకుంటున్నాం.