సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి కింది ఫ్లాటు పైకప్పు కారుతోంది: ఖర్చు ఎవరిది, ఇకముందు జాగ్రత్త ఏమిటి?

ప్రశ్న: మాగుంట లేఅవుట్, నెల్లూరు

మేము బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి పల్లె నుంచి నెల్లూరు వచ్చి మూడేళ్లయింది. నాలుగో అంతస్తులో సొంత ఫ్లాటు. భవనం అప్పగించి నాలుగేళ్లు కావస్తోంది. పల్లెలో బిందె ఒలికినా, తొట్టి పొంగినా ఆ నీళ్లు అరటి పాదుల్లోకి పోయేవి గనుక, నీళ్లు వృథాగా పోవడం తప్పే గాని ప్రమాదమన్న ఆలోచన మాకెన్నడూ లేదు. సంక్రాంతికి ఊళ్లో ఉండగా కనుమ నాటి ఉదయం వాచ్‌మన్ ఫోను చేసి, "సార్, మూడో అంతస్తు వాళ్లింట్లో వాన కురస్తా ఉంది, తొందరగా రాండి" అన్నాడు. వచ్చి తలుపు తీస్తే హాల్లో పాదాలు మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి. వాష్‌బేసిన్ కింద గోడకు ఉండే చిన్న వాల్వు (యాంగిల్ కాక్) నుంచి కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు నట్టు దగ్గర తెగిపోయింది. దానిని గత ఏడాది నేనే కొని వేయించాను.

కింది ఇంటివారు మర్యాదస్తులే గాని, పడకగది పైకప్పు, ఒక గోడ, చెక్క అల్మరా పాడయ్యాయని, ఖర్చంతా నేనే పెట్టుకోవాలని అంటున్నారు. ఇది పూర్తిగా నా బాధ్యతేనా, లేక బిల్డరును కూడా అడగవచ్చా? ఆ మాటలు తేలకముందే మా రెండున్నరేళ్ల పాప పడకగదిలోకి వెళ్లి లోపలి గడియ పెట్టుకుంది. వడ్రంగి వచ్చి తలుపు విప్పేదాకా ముప్పావుగంట సేపు మా అమ్మ గది బయట కూర్చుని ఏడ్చింది. ఫ్లాటులో కాపురం ఉండేవాళ్లు ఇటువంటి వాటికి ముందుగా ఏమేమి సిద్ధం చేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సివిల్ ఇంజినీరు, ఒంగోలు

డబ్బు సంగతికి ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. పైపు తెగినందువల్ల వచ్చిన తడి అయితే, పైపు మార్చిన తరువాత అది వారాల తరబడి మెల్లగా ఆరుతుందే గాని పెరగదు. మరక అంచులు మళ్లీ విస్తరిస్తున్నాయంటే మీ బాత్‌రూము గచ్చు కింద ఇంకొక లీకు ఉందని అర్థం, దాని నింద కూడా ఈ పైపు మీదికే వచ్చి పడుతుంది. బాత్‌రూములో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ మూతిని గుడ్డతోను ప్లాస్టిక్ కవరుతోను గట్టిగా బిగించి, గడప దాటకుండా ఒక అంగుళం లోతున నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి ఒక రోజంతా వదిలేయండి. నీళ్లలో కాస్త రంగు కలిపితే కింద ఊరే చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ఇద్దరికీ కళ్లతో కనబడుతుంది.

కింది ఇంటివారికి కరెంటు గురించి ఈ రోజే చెప్పండి. స్లాబులో వేసిన వైర్ల గొట్టాల్లోకి దిగిన నీళ్లు ఫ్యాను కొక్కెం దగ్గర బయటికి వస్తాయి గనుక, ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా మీటరు బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చును దించి ఉంచాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు మాటిమాటికీ పడిపోతోందని విసుక్కుని దానిని తప్పించి లైను కలిపే మహానుభావులు మన ఊళ్లలో కొదవ లేదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయి మనిషి ప్రాణం కాపాడటమే దాని పని.

స్టీలు తీగ అల్లిక చూసి ఆ కనెక్షన్ పైపు మొత్తం స్టీలే అనుకుంటాము. లోపల ఉన్నది రబ్బరు లేదా ప్లాస్టిక్ గొట్టం. నట్టు దగ్గర తుప్పు గాని, బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకోవడం గాని కనబడితే ఆ రోజే మార్చేయాలి. పై ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్ల దిగువకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది గనుక, ఈ భయం మీకన్నా కింది అంతస్తుల వాళ్లకే ఎక్కువ. ఒక్క రాత్రికైనా ఊరెళ్లేటప్పుడు మీ ఫ్లాటు వాల్వు కట్టేసి వెళ్లండి. అసలు ఆ వాల్వు ఎక్కడుందో మీకు తెలుసా?

రంగు విషయంలో తొందర పడవద్దు. లోపల తడి ఉండగానే రంగు వేస్తే పొక్కులు లేచి రాలిపోతుంది, రెండోసారి ఖర్చు కూడా మీదే అవుతుంది.

జవాబు: అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, రామ్మూర్తి నగర్, నెల్లూరు

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని లోపం బయటపడి కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డరు ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీరే కొని వేయించుకున్న పైపు ఆ లెక్కలోకి రాదు. అయితే ఇంజినీరు గారు చెప్పిన పరీక్షలో గచ్చు కింద లీకు కనబడితే అది బిల్డరు బాధ్యతే అవుతుంది, మీకు ఇంకా ఏడాది గడువుంది గనుక ఫోటోలు జతచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాటకు తరువాత సాక్ష్యం దొరకదు.

మా భవనంలో ఫ్లాటు లోపలి పైపులు యజమానివి, డక్టులో (పైపుల కోసం వదిలిన సందులో) నిలువుగా దిగే పైపులు సంఘానివి అని తీర్మానం రాసుకున్నాము. అంతకుముందు రెండు కుటుంబాలు ఇటువంటి మరక గురించే ఒక కార్తీకం నుంచి మరుసటి కార్తీకం దాకా మాట్లాడుకోలేదు. పైవారు మరక ఉన్నంత మేర రంగు వేయిస్తామన్నారు, కిందివారు గదంతా కావాలన్నారు. నా అభిప్రాయంలో పైకప్పు మొత్తం, తడిసిన గోడ మొత్తం వేయించడం న్యాయం, ఎందుకంటే అతుకు వేసిన రంగు ఎన్నటికీ కలవదు. తడవని గోడల ఖర్చు మీది కాదు. అల్మరాను ముందు వడ్రంగికి చూపించి, బాగవుతుందేమో అడిగిన తరువాతే ధర మాట్లాడండి.

జవాబు: గృహిణి, కావలి

మీ అమ్మగారి ఏడుపు నేను ఏడ్చినదే. మా మనవడు గడియ పెట్టుకున్నప్పుడు పక్కింటి కుర్రవాడు వాళ్ల బాల్కనీ నుంచి మా బాల్కనీలోకి దాటబోయాడు, వద్దని చెయ్యి పట్టుకుని లాగాను. అటువంటప్పుడు 101కు ఫోను చేస్తే అగ్నిమాపక సిబ్బంది వస్తారు. పిల్లకు అందే ఎత్తులోని గడియలన్నీ ఈ వారంలోనే విప్పించేయండి. తలుపు బయట ఉన్నవారు ఏడవకుండా, అరవకుండా, పాట పాడుతూనో కబుర్లు చెబుతూనో ఉంటే పిల్ల భయపడి స్టూళ్లు ఎక్కదు.

వంటగది గురించి మీరు అడగలేదు గాని, అదీ ఇదే కోవలోది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ కట్టేసి మూత బోర్లించాలి. సిలిండరు గ్యాసు గాలి కన్నా బరువైనది గనుక కిందనే పరచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చిన తరువాత 1906కు ఫోను చేయాలి. ఆ నంబరును, కరెంటు వాళ్ల 1912ను మా అల్మరా తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసి అంటించాము. కార్తీక వానలకు ముందు బాల్కనీ నీళ్లు పోయే రంధ్రంలో తులసి ఆకులు, మట్టి తీసేయడం కూడా మరవకండి. తుపాను రాత్రి అది మూసుకుపోయి మా హాలు తివాచీ నానిపోయింది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. అంగుళం నీళ్లు ఒక పగలు, ఒక రాత్రి నిలబెట్టాము. గీత కదలలేదు, కింద కొత్త చెమ్మ రాలేదు. కాబట్టి బిల్డరు ప్రస్తావన మానుకున్నాను. కింది ఇంటి అన్న ఉగాదికి ముందు రంగు వేయిస్తే చాలన్నారు. అల్మరాకు వెనక చెక్క ఒక్కటి మారిస్తే సరిపోతుందని వడ్రంగి అన్నాడు.

ఇంజినీరు గారి ప్రశ్నకు మాత్రం సిగ్గుపడ్డాను. వాల్వు కోసం వెతికితే మా ఫ్లాటుకు వేరే వాల్వే లేదు. మేడ మీద ఒక్కొక్క నిలువు పైపుకు ఒక్కొక్క గేటు వాల్వు ఉంది, మా వైపుది తుప్పుపట్టి తిరగడం లేదు, దానిని కట్టేస్తే కింది మూడు ఇళ్లకూ నీళ్లు ఆగిపోతాయి. డక్టులో మా శాఖ పైపుకు విడిగా బాల్ వాల్వు పెట్టడానికి ప్లంబరు ఆదివారం వస్తానన్నాడు. ఆ రోజు పది నుంచి పన్నెండు దాకా నీళ్లు రావని, ముందే పట్టి పెట్టుకోమని ఆ మూడు ఇళ్లకూ చెప్పి ఇప్పుడే పైకి వచ్చాను.