లాగిన్ అవుతోంది గాని 403 వస్తోంది: టామ్‌క్యాట్‌లో రోల్ తనిఖీ ఎక్కడ దెబ్బతింటోంది?

ప్రశ్న

నమస్కారం. మా వెబ్ అప్లికేషన్ టామ్‌క్యాట్ 9 అనే జావా వెబ్ సర్వర్ మీద నడుస్తోంది. వాడుకరుల వివరాలు, వారి రోల్‌లు (ఎవరికి ఏ అనుమతులో చెప్పే పేర్లు) మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్‌లోని రెండు టేబుళ్లలో ఉన్నాయి; వాటిని డేటాసోర్స్ రెల్మ్ (వాడుకరులను, రోల్‌లను డేటాబేస్ నుంచి చదివే టామ్‌క్యాట్ భాగం) ద్వారా చదువుతున్నాము. రిపోర్టు పేజీలన్నిటికీ అప్లికేషన్ సెట్టింగుల ఫైలైన వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో సెక్యూరిటీ కన్‌స్ట్రెయింట్ (ప్రవేశ నియమం) పెట్టి, మేనేజర్ రోల్ ఉన్నవారికే అనుమతి ఇచ్చాము. ఫారమ్ లాగిన్ అందరికీ సవ్యంగానే జరుగుతోంది. అయితే పాత వాడుకరులు ముగ్గురికి తెరుచుకుంటున్న ఆ పేజీలు, ఈ మధ్య చేర్చినవారందరికీ 403 (అనుమతి లేదు) చూపిస్తున్నాయి. రోల్ పేరును షరతుగా పెట్టి వాడుకరుల పేర్లను డేటాబేస్‌లో వెతికితే పాతవారు, కొత్తవారు అందరూ వచ్చారు. వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో రోల్ పేరు తీసేసి ఒక నక్షత్రం గుర్తు పెట్టి చూసినా కొత్తవారికి అదే 403. లోపం సర్వర్‌లోనే ఉందంటారా?

మొదటి సమాధానం

సర్వర్‌ను అనుమానించే ముందు ఒక విషయం గమనించండి. మీరెవరో తేలకపోతే లాగిన్ పేజీయే మళ్లీ వచ్చేది, బ్రౌజరే పాస్‌వర్డ్ అడిగే బేసిక్ పద్ధతిలో అయితే 401 (లాగిన్ కావాలి) వచ్చేది. 403 వచ్చిందంటే పాస్‌వర్డ్ దశ దాటిపోయిందని, రోల్ దగ్గరే ఆగిందని అర్థం. కనుక పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను మార్చి దాచిన రూపం) జోలికి పోనక్కరలేదు.

నక్షత్రం విషయంలో చాలామంది పొరబడతారు. ఒక నక్షత్రానికి అర్థం ‘లాగిన్ అయిన ఎవరైనా’ అని కాదు, వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో సెక్యూరిటీ రోల్ కింద ప్రకటించిన రోల్‌లలో ఏదో ఒకటి ఉన్నవారు అని. లాగిన్ అయితే చాలు అనుకుంటే రెండు నక్షత్రాలు పెట్టాలి. ఇది జావా వెబ్ అప్లికేషన్ల ప్రమాణమైన సర్వ్‌లెట్ 3.1 నుంచి ఉంది. పరీక్ష కోసం, అదీ టెస్ట్ సర్వర్‌లో, రెండు నక్షత్రాలు పెట్టి చూడండి. దానితో పాటు లాగ్ సెట్టింగుల ఫైలైన లాగింగ్.ప్రాపర్టీస్‌లో కాటలీనా రెల్మ్ ప్యాకేజీ (రెల్మ్ కోడ్) లాగ్ స్థాయిని ‘ఆల్’ చేయండి. లాగ్‌ను ఫైలులో రాసే హ్యాండ్లర్ స్థాయి కూడా దానికి తగ్గట్టు లేకపోతే లాగ్‌లో ఆ వివరాలు కనబడవు.

ప్రశ్న అడిగినవారు

రెండు నక్షత్రాలతో పేజీ తెరుచుకుంది. లాగ్‌లో మాత్రం, ఫలానా వాడుకరికి మేనేజర్ రోల్ లేదని స్పష్టంగా రాసి ఉంది. డేటాబేస్‌లో ఉన్న రోల్ సర్వర్‌కు ఎందుకు కనబడటం లేదో అర్థం కావడం లేదు.

రెండవ సమాధానం

మీరు వాడుకరుల పేర్లను మాత్రమే అడిగారు. రోల్ గడిలో ఉన్న అక్షరాలను కళ్లారా చూడలేదు. మైఎస్‌క్యూఎల్ 8.0లో అప్రమేయ కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పెద్ద, చిన్న అక్షరాల మధ్య తేడా చూడదు కాబట్టి, క్యాపిటల్ ఎమ్‌తో ఉన్న రోల్ కూడా మీ షరతుకు సరిపోయింది. టామ్‌క్యాట్ రోల్ పేర్లను జావా స్ట్రింగ్‌లుగా పోలుస్తుంది. అక్కడ ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి వేర్వేరు రోల్‌లే. ఆ గడిని హెక్స్ ఫంక్షన్‌తో (అక్షరాల బైట్ల సంకేతాలను చూపేది) చదవండి, మొదటి బైటు 6డి అయితే స్మాల్ ఎమ్, 4డి అయితే క్యాపిటల్ ఎమ్.

తేడా ఉందని తేలితే రెండో స్పెల్లింగును కూడా వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో చేర్చి సరిపెట్టవద్దు. పేజీలు తెరుచుకుంటాయి గాని, కోడ్‌లో రోల్‌ను తనిఖీ చేసే ఈజ్‌యూజర్‌ఇన్‌రోల్ అని పిలిచిన ప్రతిచోటా పాత పేరే ఉంటుంది కనుక మెనూలు, బటన్లు మాయమై మరో తలనొప్పి మొదలవుతుంది. దిద్దవలసింది డేటానే.

ప్రశ్న అడిగినవారు

మీరన్నట్టే 4డి వచ్చింది. పాత ముగ్గురిని చేత్తో చేర్చాము, కొత్తవారు ఒక ఫైలు నుంచి దిగుమతి అయ్యారు. తేడా అక్కడ వచ్చింది. టేబుల్ దిద్దాక చాలామందికి పేజీలు తెరుచుకున్నాయి, కాని ఒకరిద్దరికి ఇంకా 403 వస్తోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

వారు టేబుల్ దిద్దకముందే లాగిన్ అయి ఉంటారు. రోల్‌ల జాబితాను టామ్‌క్యాట్ లాగిన్ సమయంలో చదివి, ప్రిన్సిపల్ అనే వాడుకరి గుర్తింపు వివరాలలో ఉంచి, దానిని సెషన్‌కు (ఆ వాడుకరి లాగిన్ కొనసాగే కాలానికి సర్వర్ ఉంచే రికార్డు) జతచేస్తుంది. ఆ తర్వాత ప్రతి అభ్యర్థనకూ టేబుల్ దగ్గరికి వెళ్లదు. లాగౌట్ అయి మళ్లీ రమ్మనండి. వారు అందుబాటులో లేకపోతే టామ్‌క్యాట్ మేనేజర్ అనే నిర్వహణ పేజీలోని సెషన్ల జాబితా నుంచి ఆ సెషన్లను మీరే ముగించవచ్చు. ఎవరికైనా రోల్ తొలగించినప్పుడు కూడా ఇంతే: ఆ సెషన్ ముగిసేదాకా వారి చేతిలో పాత అధికారమే ఉంటుంది.