చదరంగంలో ‘పిన్’ను తెలుగులో ఏమందాం?

చదరంగం ఎత్తుల మీద తెలుగులో చిన్న పాఠాలు రాస్తున్నాను. ‘ఫోర్క్’కు ‘పంగ’ కుదిరింది. గుర్రం సి7 గడిలో దిగి ఈ8లో రాజునూ ఏ8లో ఏనుగునూ ఒకేసారి పట్టిందనుకోండి. ఆ గుర్రాన్ని చంపే దారి లేకపోతే రాజు పక్కకు జరగాల్సిందే, ఏనుగుకు పంగనామమే. ‘పిన్’ దగ్గరే చిక్కొచ్చింది. అంటే ఎదుటి పావు గురిపెట్టిన గీతలో మన పావు, అదే గీతలో దాని వెనక మన రాజో మంత్రో; ముందుది కదిలితే వెనకదానికి ముప్పు. ‘కట్టు’ అందామంటే ఆ మాటను ‘ఆటకట్టు’ ఎప్పుడో పట్టుకుపోయింది. ‘బంధనం’ మరీ గంభీరంగా ఉంది. మీరేమంటారు?

— ‘పలుపు’ అనండి. వెనకున్న రాజు గుంజ, ముందున్న పావు ఆ గుంజకు కట్టేసిన గొడ్డు. పోలిక పైపైది కాదు. నిలువు వరుసలో ఏనుగుకు ఎదుటి ఏనుగు పలుపు వేస్తే, అది ఆ వరుసలోనే ముందుకీ వెనక్కీ తిరగొచ్చు. తాడున్నంత మేరే మేత!

— గొడ్డుకు సరే, గుర్రానికి పలుపేమిటండీ, కళ్ళెం కదా? పైగా రాజు వెనకుంటే గుర్రానికి ఆ మేత కూడా లేదు. ఎటు గెంతినా గీత దాటేస్తుంది.

— రాజు వెనకుంటేనే ఆ మాట. మంత్రి ఉంటే తెంచుకోవచ్చు. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు లెగాల్ పేరిట ఒక ఆటకట్టు ఉంది. తెల్ల గుర్రం ఎఫ్3లో, దాని వెనక డీ1లో మంత్రి, జీ4 నుంచి నల్ల శకటు గురి. గుర్రం పలుపు తెంచుకుని ఈ5లో బంటును చంపుతుంది. నల్లవాడు ఆశకుపోయి మంత్రిని తిన్నాడా, ఎఫ్7లో తెల్ల శకటు చెక్ అంటుంది, రాజు ఈ7కి వస్తాడు, రెండో గుర్రం డీ5లో దిగుతుంది. అంతే. ‘తెంచుకుంది’ అనే క్రియ ఊరికే దొరికింది చూడండి, ‘పిన్’తో ఆ సుఖం లేదు.

— నాకైతే ‘పిన్’ చాలు. పిల్లలు ఫోన్లో ఆడేటప్పుడు కనబడేది అదే.

— మరి ‘స్క్యూయర్’? అదే గీత, వరుస తిరగబడుతుంది: పెద్ద పావు ముందు, చిన్నది వెనక. పెద్దది తప్పుకుంటే చిన్నది పోతుంది. ‘చువ్వ’ అంటే సరిపోదూ?

— చువ్వ బాగుంది, తీసుకున్నాను. పలుపు కూడా. ఇక ‘జుగ్‌త్స్వాంగ్’ మిగిలింది. ఎత్తు వేయకుండా కూర్చోనిస్తే క్షేమం, వేస్తే చేటు, కానీ వేయక తప్పదు. ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ బొమ్మ కింద రాయడానికి మరీ పొడుగు. ఒక్క ముక్కలో ఏదైనా తడితే చెప్పండి.