విల్లో రెమ్మను తెలుగులోకి తెచ్చేదెలా?

ప్రశ్న: వాంగ్ వేయ్ (8వ శతాబ్దం) వీడ్కోలు పద్యంలో రెండో పాదం "సత్రం దగ్గర పచ్చపచ్చగా విల్లో రంగు కొత్తగా" అని వస్తుంది. తెలుగులో విల్లో అంటే వట్టి చెట్టుపేరే, వీడ్కోలు వినపడదు. ఏం చేయాలి?

— విల్లోను చీనీలో "లియు" అంటారు. "ఆగిపో, ఉండిపో" అనే క్రియ కూడా లియునే. కాకపోతే చీనీలో పలికే స్వరం (గొంతు ఎత్తే, దించే తీరు) మారితే మాటే మారుతుంది: చెట్టుపేరు మూడో స్వరం, క్రియ రెండోది. ఈ కవి బతికిన థాంగ్ వంశ కాలంలోనూ చెట్టుపేరు వక్రస్వరం, క్రియ సమస్వరం; చీనీ ఛందస్సు స్వరాలను ఈ రెండు వర్గాలుగా చూస్తుంది. అంటే ఛందస్సులో ఒకదాని చోట ఇంకొకటి కుదరదు. కాబట్టి అచ్చమైన శ్లేష అనలేం, దగ్గరి ధ్వని అంతే. అయినా ఆ ధ్వని వల్లే విల్లో వీడ్కోలుకు గుర్తయింది: రాజధాని చాంగాన్‌కు తూర్పున బా నది వంతెన దాకా వచ్చి, విల్లో రెమ్మ విరిచి చేతికిచ్చి సాగనంపేవారు.

— తెలుగులో అలాంటి మాట ఉందండీ: "మాను". చెట్టు మానే, "పయనం మాను"లోనిదీ మానే. "ముంగిట పచ్చని మాను" అంటే రెండూ పలుకుతాయి.

— మాట చాలా బాగుంది, కానీ ఇక్కడ వాడకూడదనే అంటాను. మాను అనగానే లావాటి బోదె కళ్లముందుకొస్తుంది. విల్లో అందమంతా వేలాడే సన్నటి రెమ్మల్లో ఉంది. అంతకన్నా ముఖ్యం, కవి సాగనంపుతున్న స్నేహితుడు ప్రభుత్వం పనిమీద దూరాన పడమటి సరిహద్దులోని ఆన్‌షీకి వెళ్తున్నాడు, మానడానికి లేదు. అది తెలిసే కవి "ఇంకొక్క గిన్నె తాగు, యాంగ్ కనుమ (పడమటి సరిహద్దు ద్వారం) దాటితే పాత నేస్తాలు ఉండరు" అని మాత్రమే అన్నాడు. "ఉండిపో" అన్న మాట చెట్టు రంగులోనే దాగాలి. మనం "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటామే, అంత మెత్తగా.

"కొమ్మ"తోనూ జాగ్రత్త. పద్యంలో కొమ్మ అంటే స్త్రీ కూడా కనుక "కొమ్మనిచ్చి పంపె" అంటే అర్థం ఎక్కడికో పోతుంది. రెమ్మ అనండి. "పచ్చ" ఒక్కటే వాడితే పసుపు కూడా తోస్తుంది. మూలంలో "చింగ్ చింగ్" అని జంటగా ఉంది గనక "పచ్చపచ్చగా" సరిగ్గా అతుకుతుంది.

— ఇంకో పొరపాటు, చీనీ పద్యాల్లో తరచుగా వచ్చే "యాంగ్‌లియు" అనే మాటతో. నిఘంటువులో యాంగ్ అంటే పోప్లర్ అని చూసి "పోప్లర్లు, విల్లోలు" అని రెండు చెట్లు చేస్తారు. కవిత్వంలో సాధారణంగా అది ఒక్క విల్లోనే. చీనీ ప్రాచీన పద్య సంకలనం షీజింగ్‌లో ఒక సైనికుడు "నేను వెళ్లిననాడు యాంగ్‌లియు యీ-యీ" అంటాడు. యీ-యీలో ఊగడమూ ఉంది, వదల్లేకపోవడమూ ఉంది. పైన్, సైప్రస్‌ల సంగతి వేరు, అవి చలిని తట్టుకునే నిబ్బరానికి గుర్తు. వీడ్కోలు పద్యంలో విల్లో బదులు పెట్టకూడదు.

— చెట్టుపేరుకి "ఏటిపాల" పనికొస్తుందా? మన వాగుల పక్కన పెరిగేదే, అదీ విల్లోల సాలిక్స్ జాతే.

— పనికొస్తుంది. రెమ్మలు అంతగా వేలాడవు గానీ నీటి ఒడ్డు చెట్టు, పలకడానికి తేలిక. ఇలా పెట్టి చూడండి: "సత్రం ముంగిట పచ్చపచ్చగా ఏటిపాల రెమ్మల కొత్త రంగు". ఆచారం గురించి పద్యానికి పైన ఒక్క వాక్యం రాయండి, పాదం లోపల ఇరికించకండి.