బేనజీర్ హత్యకూ అఫ్గాన్ పరిస్థితికీ లింకు ఎంత?

2007 డిసెంబర్ 27న రావల్పిండిలో సభ ముగించుకుని వెళ్తుండగా పాకిస్తాన్ మాజీ ప్రధాని బేనజీర్ భుట్టోను చంపేశారు. రెండు గంటలైనా గడవకముందే ఆ చోటంతా నీళ్లతో కడిగేశారట, అదింకో కథ! సింధ్‌లో రైళ్లు తగలబడ్డాయి, ఎన్నికలు 2008 జనవరి 8 నుంచి ఫిబ్రవరి 18కి వాయిదా పడ్డాయి, ఆగస్టులో అధ్యక్షుడు ముషారఫ్ దిగిపోయారు. ఇంతవరకు అర్థమైంది.

అర్థం కానిది అఫ్గానిస్తాన్ సంగతి. అక్కడ తాలిబన్లతో పోరాడుతున్న నాటో (అమెరికా, దాని మిత్రదేశాల కూటమి) సేనలకు సరుకులు ఎక్కువగా కరాచీ రేవు నుంచి, ఖైబర్ కనుమ మీదుగా వెళ్లేవి. 2008 డిసెంబర్‌లో పెషావర్ దగ్గర ఆ లారీలను గుంపులుగా తగలబెట్టారు. దీనికి హత్య తర్వాతి గందరగోళం కారణమా, లేక 2007 జులైలో ఇస్లామాబాద్‌లోని లాల్ మసీదులో చేరిన మిలిటెంట్లపై సైన్యం దాడి చేసిన ఘటనతోనే రాజుకుందా? అంతా హత్యకే అంటగట్టడం అతి అని నా అనుమానం. అమెరికా ముషారఫ్‌నే నమ్ముకోవడం వల్ల నష్టం పెరిగిందా? ఆ రోజుల్ని దగ్గరగా గమనించినవాళ్లు కాస్త చెప్పండి.