‘అస్థికం’ అనాలా, ‘అస్థి గోః’ అనాలా?

కొల్లాపురం పాఠకుడు:
భర్తృహరి నీతిశతకంలో కాస్త నరం, కొవ్వు మాత్రమే మిగిలిన ఎముకతో మురిసిపోయే కుక్కనూ, సింహాన్నీ పక్కపక్కన నిలిపిన శ్లోకం కొంతకాలంగా నన్ను వదలడం లేదు. ‘స్వల్పస్నాయువసావశేషమలినం నిర్మాంసమప్యస్థి...’ వరకు తడుముకోకుండా వస్తుంది, ఆ పై ఒక్క అక్షరం దగ్గరే నాలుక ఆగిపోతుంది. చిన్నప్పుడు విన్నది ‘అస్థికం’ (చిన్న ఎముక). ఒక ముద్రిత ప్రతిలో మాత్రం ‘అస్థి గోః’ (ఆవు ఎముక) అని ఉంది. పెద్దలు ఏ పాఠాన్ని ఆదరిస్తారు?

వనపర్తి ఛాందసుడు:
శార్దూలపాదం చివరి అక్షరం గురువు కావాలి. ‘కం’ అయినా ‘గోః’ అయినా గురువే గనుక ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. నా ఓటు ‘గోః’కే. ‘క’ప్రత్యయం అల్పత్వాన్ని చెబుతుందనుకుంటే, ఆ అల్పత్వం ‘స్వల్ప’ శబ్దంతో ముందే వచ్చింది.

దేవరకొండ శబ్దప్రియ:
అయ్యా, ‘స్వల్ప’ విశేషించేది నరాన్నీ కొవ్వునూ గాని ఎముకను కాదు. పునరుక్తి దోషం ఎక్కడిది?

నల్లగొండ జీవశాస్త్రం:
మీరిద్దరూ చివరి అక్షరం మీద పడి ‘అవశేష’ను దాటేశారు. ఎవరు తినగా మిగిలినది? పురామానవుల కాలపు ఎముకలను చదివేవారి తగాదా అంతా ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతుంది. టాంజానియాలోని ఓల్డువాయిలో, సుమారు 18 లక్షల ఏళ్ల నాటి ఎముకల మీద రాతి అంచు గీతలూ మృగాల పంటి గుర్తులూ కలిసి దొరికాయి; మనిషి వేటాడి తిన్నాక మృగాలు వచ్చాయా, మృగాలు వదిలినదాన్ని మనిషి ఏరుకున్నాడా అన్నది ఇప్పటికీ వాదమే. రాతిగీత సన్నగా, లోపల కోణం తేలి, అడుగున వెంట్రుకల వంటి సమాంతర రేఖలతో ఉంటుంది; పంటి గాడి వెడల్పుగా, అడుగున గుండ్రంగా ఉంటుంది. ఒకదాని మీదుగా ఒకటి పోయిన చోట ఏది ముందో తెలుస్తుంది. ఇంకొక మాట: ‘న తు తత్తస్య క్షుధాశాంతయే’ (దానితో దాని ఆకలి తీరదు) అన్నది కుక్కకే చెల్లు. రాతితో నడిమి భాగాన్ని పగలగొట్టి మూలుగ తీయగల మనిషికి మాంసం లేని బొక్క కూడా భోజనమే. మన విందుల్లో నల్లి బొక్క కోసం జరిగే పోటీ చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

మక్తల్ వాసి:
‘గోః’ పాఠానికి మా ప్రాంతమే సాక్ష్యం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను (పశువుల పేడ కాలి ఏర్పడిన దిబ్బను) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు, నవీన శిలాయుగపు పశువుల దొడ్డి ఆనవాళ్లతోపాటు బూడిద పొరల్లో గిట్టల ముద్రలు బయటపడ్డాయి. పశువులే సంపదైన దేశంలో కుక్కకు దొరికేది ఆవుబొక్క కాక మరేమిటి?

దేవరకొండ శబ్దప్రియ:
బూడిదదిబ్బకూ పాఠనిర్ణయానికీ మధ్య వేల ఏళ్ల ఎడం ఉన్నదండి.

కొల్లాపురం పాఠకుడు:
జటప్రోలు సంస్థానంలో మన ఎలకూచి బాలసరస్వతి ఈ శ్లోకాన్ని తెనిగించేటప్పుడు ఏ పాఠాన్ని ఎదుట పెట్టుకున్నాడో తెలిస్తే బాగుండును.

వనపర్తి ఛాందసుడు:
ఆ మహానుభావుడి ఇబ్బంది వేరు. ‘సురభిమల్లా! నీతివాచస్పతీ!’ అన్న మకుటం శార్దూలం నాలుగో పాదంలోని 19 అక్షరాల్లో 11 మింగేస్తుంది. మిగిలిన ఎనిమిదింటిలో భావం ముగించాలి. పైగా యతిస్థానంలో ‘ల్లా’ పడుతుంది గనుక పాదం మొదటి అక్షరాన్ని దానితో మైత్రి కుదిరేలా ఏరుకోవాలి. ప్రతి పద్యానికీ ఈ సంకెల వేసుకొని నడిచిన కవిని ఈ శతకాన్నే తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి కంటే తక్కువగా చూడటం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు.

నల్లగొండ జీవశాస్త్రం:
కుక్క కంటే తగిన జంతువు మన భాషలోనే ఉంది: దుమ్ములగొండి. ఇక్కడ దుమ్మంటే ఎముకే. ‘గొండి’ లంచగొండిలోని గొండి అయితే, అది ఎముకలు తినేది కాదు, తీసుకొనేది. ఆ మృగం నిజంగానే బొక్కలను తన గుహకు మోసుకుపోయి పోగు చేస్తుంది. దక్షిణాఫ్రికా గుహల్లోని ఎముకల పోగులను చూసి, అవి ఆదిమానవ జాతులు వేటకు వాడిన ఆయుధాలని శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ భావించాడు. తరువాత సి.కె. బ్రెయిన్ అనే మరో శాస్త్రవేత్త, అక్కడి స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఆదిమానవ పుర్రె మీది రెండు రంధ్రాలకు చిరుత కోరల ఎడం సరిపోతుందని చూపి, వేటగాడనుకున్నవాడే ఎర అయ్యాడని వాదించాడు. గుహలో ఎముకలుంటే మొదట దుమ్ములగొండినీ చిరుతనూ అనుమానించాలి.

వనపర్తి ఛాందసుడు:
‘గొండి’ని ‘కొను’ నుంచి తేవడానికి అభ్యంతరం లేదు. అయితే లంచగొండిలో ఏకవచనం, దుమ్ములగొండిలో బహువచనం ఎందుకున్నాయో చెప్పండి.

నల్లగొండ జీవశాస్త్రం:
పోగు చేస్తుందన్నాను కదా, అందుకే బహువచనం.

దేవరకొండ శబ్దప్రియ:
అంటే లంచగొండి ఒక్క లంచంతో ఆగిపోతాడని మీ అభిప్రాయమా? ముందు ప్రాచీన కావ్యప్రయోగం ఒకటి చూపించండి, తరువాత గుహల్లోకి పోదాం.